మీకు తెలుసా? మన చలిగాలే జావాకు వాన

డిసెంబరులో హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో చినుకు పడటమే అరుదు. అదే నెలలో ఇండోనేషియాలోని జకార్తా, దాని దక్షిణాన ఉన్న బోగోర్ నిండు వానాకాలంలో ఉంటాయి.

చిత్రమేమిటంటే రెండింటికీ మూలం ఒకటే: చలికాలంలో చల్లబడిన ఆసియా ఖండం నుంచి దక్షిణానికి వీచే గాలి. మన దాకా అది నేల మీదుగా పొడిగా వస్తుంది. దక్షిణ చైనా సముద్రం మీదుగా సాగే పాయ మాత్రం దారిపొడవునా తేమ నింపుకుంటుంది. భూమధ్యరేఖ దాటాక, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఎడమకు మళ్లి, వాయవ్య రుతుపవనమై, ఆ నగరాలున్న జావా దీవి మీద కురుస్తుంది.

బోగోర్‌కు ‘వాన నగరం’ అనే పేరే ఉంది. 1817లో మొదలైన అక్కడి వృక్షోద్యానం ఎంతో చూడదగ్గది. అయితే పొద్దున్నే వెళ్లాలి, కుండపోత ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న స్వెట్టరు జకార్తాలో అక్కర్లేదు. డిసెంబరు రాత్రుల్లోనూ అక్కడ ఉష్ణోగ్రత మామూలుగా 20 డిగ్రీల కిందికి దిగదు. బోగోర్ దాటి పుంచాక్ కొండల్లోని టీ తోటలకు వెళ్లేవాళ్లు మాత్రం గొడుగుతో పాటు స్వెట్టరునూ సర్దుకోవాలి.