బరువు ట్రక్కుతో దారిలో ఆగిపోతే



మిరపకాయ బస్తాలు నింపుకొని రాత్రివేళ గుంటూరు యార్డుకు బయలుదేరినారనుకోండి. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. రోడ్డు ఖాళీగా ఉంది. ఇంజను బాగానే పాడుతోంది. ఉన్నట్టుండి వెనుక ట్రక్కు ఒక పక్కకు ఒరిగినట్లయింది. టైరు పోయింది. లేదా ఇంజనే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అప్పుడు మీరు మొట్టమొదట ఏం చేస్తారు?

ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. దాదాపు అందరూ చెప్పిన జవాబు ఒకటే: "దిగి ఏం చెడిందో చూస్తాం." సహజమే. కాని పొరపాటు అక్కడే ఉంది. ఏం చెడిందో చూడటం మూడో పని. అంతకు ముందు చేయవలసినవి రెండున్నాయి. ఆ రెండూ చేయకపోతే, చెడినది పది రూపాయల పిన్నే అయినా, పోయేది ప్రాణం కావచ్చు.

మా వైపు ట్రాక్టరు వెనుక తగిలించే బండిని ట్రక్కు అంటాం. కొన్ని జిల్లాలలో ట్రాలీ అంటారు, ట్రైలరు అంటారు. పేరేదైనా దాని గుణం ఒకటే. బరువు మోస్తుంది, కాని దానికి సాధారణంగా సొంత బ్రేకు ఉండదు. వెనుక దీపం ఉన్నా దాని తీగ ఏనాడో తెగి ఉంటుంది. ట్రాక్టరు వెనుక దీపమా, బస్తాల చాటున పడుతుంది. దుమ్ము కొట్టుకున్న ఆ వెనుక తలుపు చీకట్లో గోడతో సమానం.

ఇక వెనుకనుంచి వచ్చేవాడి లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఎదుటి బండ్ల కోసం దీపం దించుకొని నడిపే డ్రైవరుకు మీ ట్రక్కు కనబడేది ఏ 50 మీటర్ల దూరానో. అంటే అతనికి దక్కేది రెండు సెకన్లకు కాస్త ఎక్కువ. అది గోడ అని పోల్చుకొని కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికే అందులో సగం అయిపోతుంది. మిగిలిన సగంలో లోడు లారీ ఆగదు. అతడు నిద్రమత్తులో లేకపోయినా ఆగదు. మీరు ట్రక్కు వెనుక గొంతుకు కూర్చొని టైరు చూస్తూంటే అతనికీ మీకూ మధ్య ఉన్నది మీ వీపే గదా!

కాబట్టి మొదటి పని బండిని పక్కకు చేర్చడం. ఇంజను దగ్గుతున్నప్పుడే, వేగం ఇంకా మిగిలి ఉండగానే, ఎడమకు తీయండి. టైరు పోయినా సరే, పాడైన టైరు మీదనే నాలుగు బారలు నడిపించి తారు దిగండి. టైరు పాడవుతుందని నడిరోడ్డు మీద నిలపవద్దు. అయితే తారు అంచు చూచుకోవాలి. వాన కురిసిన నేల అయితే బరువు ట్రక్కు అంచున దిగబడి పక్కకు ఒరిగిపోతుంది. అలాంటి చోట సగం తారు మీద ఉన్నా మేలే. మలుపులోనూ, వంతెన మీదా, ఎత్తు దిగేచోటా ఆగకుండా చూడండి. తప్పనిసరై ఆగితే హెచ్చరిక గుర్తు మలుపుకు ఈవల, వెనుకనుంచి వచ్చేవాడికి ముందుగా కనబడేచోట పెట్టాలి.

బండి ఆగగానే హ్యాండు బ్రేకు వేసి, చిన్న గేరులో పెట్టి, ఇంజను ఆపండి. దీపాలు మాత్రం ఆపవద్దు. దిగేది ఎడమ పక్కకే.

రెండో పని మనుషులను దించడం, బండిని కనిపించేటట్టు చేయడం. బస్తాల మీద కూలీలు పడుకొని ఉంటారు. ట్రక్కు సరుకుకే గాని మనుషులకు కాదని చట్టం చెబుతూనే ఉంది, మనం ఎక్కిస్తూనే ఉన్నాం. ఆ సంగతి ఇప్పుడు పక్కన పెడదాం. ఎక్కించినవారినైనా ముందు దించండి. వారు దిగి ఏం చేస్తారు? ట్రక్కు వెనుకనే, దాని నీడననే, కబుర్లాడుతూ కూర్చుంటారు. అదే అన్నిటికంటె చెడ్డ చోటు. రోడ్డు వదలి, పది బారలు ఎడంగా, ట్రక్కుకు వెనుక కాకుండా పక్క చేలో కూర్చోమనండి. పిల్లలుంటే చేయి పట్టుకొని తీసుకొనిపొమ్మనండి.

తరువాత చక్రాలకు అడ్డు. ట్రక్కు చక్రాలకు వెనుక, ముందు చెక్కదిమ్మలు పెట్టాలి. రోడ్డు చదునుగా ఉన్నట్టు మనకు తోస్తుంది గాని బరువు బండికి కొంచెం పల్లం చాలు.

ఆ వెంటనే ఎర్రని మూడుమూలల గుర్తు. దానిని ట్రక్కు పక్కనే నిలిపి "పెట్టాంలే" అనుకుంటే లాభం లేదు. పైన చెప్పిన లెక్క గుర్తుంది గదా. గుర్తు వెనుకకు కనీసం నూరంగలు, పెద్ద రోడ్డు అయితే నూట యాభై అంగలు వెళ్ళి పెట్టాలి. వెళ్ళేటప్పుడు గుర్తును మీ ముందు, వచ్చే బండ్లకు ఎదురుగా పట్టుకొని, తారు మీద కాక రోడ్డు పక్కనే నడవండి. ఒక మనిషి టార్చిలైటు పట్టుకొని అక్కడే, రోడ్డుకు ఎడంగా, నిలబడితే ఇంకా మంచిది. మన అలవాటు చెట్టు మండ విరిచి రోడ్డు మీద వేయడం. పగటిపూట మండ పనికివస్తుంది, చీకట్లో అది కూడా చీకటే. రాళ్ళు మాత్రం వరుసగా పేర్చవద్దు. ఎందుకో చివర చెబుతాను.

ఇవన్నీ అయ్యేసరికి అయిదు నిమిషాలు. ఇప్పుడు ఏం చెడిందో చూడండి.

టైరు అయితే, జాకీ ఎత్తకముందే చక్రం నట్లు అర చుట్టు వదులు చేయాలి. ఎత్తిన తరువాత బలంగా తిప్పితే బండి జాకీ మీదనుంచి జారుతుంది. జాకీ కింద వెడల్పాటి చెక్క ఉండాలి. లోడుతో ఉన్న ట్రక్కును ఎత్తే జాకీ మన దగ్గర ఉండదు, ఉన్నదానితోనే ఎత్తబోతాం. ఎత్తలేనప్పుడు బస్తాలు దించవలసిందే, బద్ధకించి లాభం లేదు. జాకీ మీద ఉన్న బండి కిందికి తలగాని చేయిగాని పెట్టరాదు.

ఇంజను ఆగింది డీజిలు అయిపోయి అయితే, డీజిలు పోసినంతమాత్రాన అంటుకోదు. గొట్టాలలో గాలి చేరి ఉంటుంది. ఫిల్టరు మీది గాలి మర వదులు చేసి, చేతిపంపు కొట్టాలి. బుడగలు పోయి నిండు డీజిలు వచ్చిన తరువాత మర బిగించాలి. ఈ పని ఇంటి దగ్గర ఒకసారి నేర్చుకొన్నవాడు చీకట్లో కూడా చేస్తాడు, నేర్వనివాడు తెల్లవారేదాకా సెల్ఫు కొట్టి బ్యాటరీ పోగొట్టుకుంటాడు. నీళ్ళు మరిగి ఆగితే రేడియేటరు మూత జోలికి పోకండి. ముప్పావుగంట చల్లారనిచ్చి అప్పుడు చూడండి.

బేరింగు పోవడం వీటన్నిటికంటె మొండి రోగం. చక్రం నడుమ భాగం, అదే హబ్బు, చేయి దగ్గరికి తెస్తేనే సెగ కొడుతుంది. చక్రం అటూ ఇటూ ఊగుతుంది. దానితో "మెల్లగా పోదాంలే" అంటే చక్రమే ఊడి వస్తుంది. అక్కడికి ప్రయాణం ఆపి మనుషుల కోసం ఫోను చేయవలసిందే.

ఫోను ఎవరికి? జాతీయ రహదారి మీద అయితే 1033. గాయాలుంటే 108. పోలీసుకు 112. ఎక్కడున్నారో చెప్పడానికి కిలోమీటరు రాయి మీది అంకె చూచుకోండి. రోడ్డు నంబరు కూడా కొత్తది చెప్పండి. పెద్దవాళ్ళకు ఇంకా మద్రాసు - కలకత్తా రోడ్డు అయిదో నంబరే, హైదరాబాదు - విజయవాడ రోడ్డు తొమ్మిదో నంబరే. 2010లో ఆ నంబర్లు మారి మొదటిది 16, రెండవది 65 అయినవి.

ఇక అసలు చిక్కు. చెడింది ట్రాక్టరు. ఊరినుంచి తోటి రైతు తన ట్రాక్టరు తెచ్చాడు. మనవాళ్ళు చేసేది ఏమంటే, చెడిన ట్రాక్టరు ముక్కుకు మోకు కట్టి, దాని వెనుక బరువు ట్రక్కు ఉండగానే, మూడింటినీ కలిపి రైలుబండిలాగా లాగించడం. ఇది చేయకండి. ఇంజను ఆగిన ట్రాక్టరుకు పవరు స్టీరింగు ఉంటే అది బిర్రబిగుస్తుంది, ఇద్దరు పట్టినా తిరగదు. ముందువాడు బ్రేకు వేస్తే మోకు వదులవుతుంది. వెనుక ఉన్న టన్నుల బరువు నడుమనున్న ట్రాక్టరును ముందుకు నెట్టి అడ్డం తిప్పుతుంది. దిగుడు రోడ్డయితే చెప్పనక్కరలేదు.

రెండింటినీ విడదీయండి. ముందు ట్రక్కును దాటించండి. రోడ్డు మీద అడ్డంగా, చీకటిగా ఉండేది అదే. అందులోనే మీ ఏడాది కష్టమూ ఉంది. వచ్చిన ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి సరుకు యార్డుకు పంపండి. చెడిన ట్రాక్టరు ఒంటరిగా, పక్కన, గుర్తు పెట్టుకొని తెల్లవారేదాకా ఉండవచ్చు.

విడదీయడం మాటలలో తేలిక, చేతలలో అపాయం. ఎడ్లబండికి నొగ ఎలాంటిదో ట్రక్కు ముందుకు వచ్చిన ఇనుప దూలం అలాంటిది. దానిని ఇక్కడ నొగ అనే అందాం. పూర్వం బండిలో బరువు వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్లకు ఉరి పడేది, ముందుకు ఎక్కువైతే మెడలు కుంగేవి. రెండు చక్రాల ట్రక్కు కూడా అంతే. బరువు ముందుకు ఉంటే పిన్ను తీసిన క్షణాన నొగ నేలకు పడుతుంది, కింద ఉన్న కాలు నుజ్జవుతుంది. వెనుకకు ఉంటే నొగ ఎగిరి గడ్డానికి తగులుతుంది. అందుచేత పిన్ను తీయకముందే నొగ కింద స్టాండో, గట్టి దిమ్మో, దాని కింద చెక్కో పెట్టి బరువు దాని మీదికి తేవాలి. పిన్ను చేతితో సులువుగా వస్తే బరువు కుదిరినట్టు. సుత్తితో కొట్టవలసి వస్తే కుదరనట్టే, దిమ్మ ఎత్తు మళ్ళీ సరిచేయండి. నొగకు పక్కన నిలబడి తీయాలి గాని దాని మీదుగా వంగి తీయరాదు. నాలుగు చక్రాల ట్రక్కుకు ఈ తూకం బాధ లేదు, కాని విడదీసిన తరువాత పల్లం దొరికితే అది తనంతట తానే బయలుదేరుతుంది. చెక్కదిమ్మలు చూచి పిన్ను తీయండి.

కొత్త ట్రాక్టరును వెనుకకు తెచ్చేటప్పుడు రెండింటి నడుమ ఎవరూ ఉండరాదు. "రా, రా, ఇంకొంచెం" అంటూ నొగ పట్టుకొని నిలబడేవాడు మన ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. క్లచ్చు మీద కాలు జారితే అతనికి తప్పుకొనే చోటు లేదు. ట్రాక్టరు పూర్తిగా ఆగి, బ్రేకు పడ్డ తరువాతనే పిన్ను పెట్టడానికి మనిషి లోపలికి రావాలి. పిన్ను పెట్టి దాని చివరి క్లిప్పు మరచిపోతే గుంతలో కుదుపుకు అది ఎగిరిపోతుంది.

బస్తాలు దించవలసి వచ్చినా ఇదే తూకం గుర్తుంచుకోండి. రెండు చక్రాల ట్రక్కులో ముందు వైపు బస్తాలు మొదట తీస్తే వెనుక బరువు ఎక్కువై నొగ లేస్తుంది. వెనుకనుంచి మొదలుపెట్టి, రెండు పక్కలా సమంగా తీస్తూ రండి.

దిగబడిన బండిని లాగేటప్పుడు మోకు గాని గొలుసు గాని కిందనున్న లాగుడు కమ్మికే కట్టాలి. పైలింకుకు, సీటు కింద ఇరుసుకు కట్టారా, వెనుక చక్రాలు కదలక ముందు చక్రాలు పైకి లేస్తాయి. ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది, డ్రైవరు దాని కింద పడతాడు. కన్ను మూసి తెరిచేలోగా జరిగే పని అది, దూకే వ్యవధి ఉండదు. గొలుసు తెగితే కొరడా అవుతుంది కనుక చూడవచ్చినవారు గొలుసుకు రెండింతల దూరాన ఉండాలి.

మరునాడు ఒంటి ట్రాక్టరును రోడ్డు మీద లాక్కొని పోవలసి వస్తే మోకు కంటె ఇనుప రాడ్డు మేలు. వెనుక ట్రాక్టరు మీద లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, గేరు న్యూట్రలులో ఉండాలి, రెండు బ్రేకు పెడళ్ళూ కొక్కెంతో కలిపి ఉండాలి. 1989 నాటి రోడ్డు నియమాలలో రెండు బండ్ల నడుమ ఎడం 5 మీటర్లు మించరాదనీ, వేగం గంటకు 24 కిలోమీటర్లు మించరాదనీ ఉండేది. వాటి చోట 2017లో కొత్త నియమాలు వచ్చినా 5 మీటర్ల లెక్క మరచిపోరానిది. వేగం మాత్రం, నా మాట వింటే, అందులో సగం చాలు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. కోతలకు ముందు ఒక సాయంత్రం ఊరి ట్రాక్టర్లను ఒకచోట చేర్చి, నొగ విడదీయడం, డీజిలు గాలి తీయడం, గుర్తు పెట్టడం చేయించి చూపండి. ట్రక్కు వెనుక ఎర్రటి, పక్కల పసుప్పచ్చని రేడియం టేపు అక్కడికక్కడే అంటించండి. బస్తా మిరపకాయల ధరలో అది ఎంత? పెట్టెలో రెండు చెక్కదిమ్మలు, వెడల్పు చెక్క, అదనపు పిన్ను, క్లిప్పు, టార్చి, మూడుమూలల గుర్తు, ట్రక్కు నట్లకు సరిపోయే స్పానరు ఉన్నాయో లేదో చూడండి. ఆ స్పానరే సాధారణంగా ఉండదు. ట్రాక్టరుది ఉంటుంది, ట్రక్కుకు పట్టదు.

రాళ్ళ సంగతి చెబుతానన్నాను. మనం అడ్డుపెట్టిన రాళ్ళు బండి కదలగానే అక్కడే వదలి పోతాం. పని అయింది, యార్డుకు ఆలస్యమైంది, ఎవరికి గుర్తుంటుంది? తెల్లవారుజామున పాలు పోయడానికి మోటారు సైకిలు మీద వచ్చే మనిషికి ఆ రాయి దగ్గరకు వచ్చేదాకా కనబడదు. అతడు మన ఊరివాడే కావచ్చు. అందుకే చెక్కదిమ్మలకు తాడు కట్టి, ఆ తాడు కొస ట్రక్కు కొక్కేనికి ముడివేయమంటాను. దిమ్మలు తీసి లోపల పడేస్తే గాని బండి కదిలించడానికి మనసొప్పదు. దారిలో దొరికిన రాయే పెట్టవలసి వస్తే, ట్రాక్టరు ఎక్కేముందు టార్చి వేసి ఒక్కసారి వెనుకకు నడిచి, రాళ్ళు, మండలు, గుర్తు తీసి, కిందపడ్డ నట్టు ఏదైనా ఉంటే ఏరుకొని రండి.