కథ కంచికి ఎందుకు చేరదు?

సాయంత్రం ఏడు దాటిందంటే ఆర్మూర్, పెర్కిట్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో రెండు పనులు ఒకేసారి నడుస్తాయి. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, ఎదురుగా టీవీ. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు సీరియల్‌ని చూసేదానికంటే వినేదే ఎక్కువ. వేళ్లు ఆకు చుడుతూనే ఉంటాయి, నేపథ్య సంగీతం ఒక్కసారిగా పెరిగితేనే తల పైకి లేస్తుంది. జరిగిన సంగతినే పాత్రలు మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పుకుంటాయని, ఒకే ముఖం మీదికి కెమెరా మూడుసార్లు ఎందుకు దూసుకొస్తుందని నవ్వుకునేవాళ్లున్నారు. చేతిలో పనున్న మనిషికి ఆ సాగదీతే సౌకర్యం. పసుపు తవ్వకాల రోజుల్లో నాలుగు సాయంత్రాలు టీవీ ముట్టకపోయినా, ఐదో రోజు కూర్చుంటే కథ అందుతుంది.

ఇంత ఓపికగా ఏళ్ల తరబడి కథ వెంట నడిచినవాళ్లకే చివర్లో చెయ్యి ఖాళీ అవుతుంది. ‘గిన్ని దినాలు గిందుకేనా చూసింది?’ అన్న విసుగు పేరున్న సీరియల్ ఏది ముగిసినా వినిపించేదే. రాసేవాళ్లకు చేతకాలేదని తిట్టుకోవడం తేలిక. కానీ రోజువారీ సీరియల్ తయారయ్యే పద్ధతిలోనే ముగింపుకు చోటు తక్కువ.

తెలుగు టీవీలో ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ ‘కార్తీక దీపం’. 2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలైంది. మలయాళంలో ఏషియానెట్ ప్రసారం చేసిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. అక్కడ తొలి రోజుల్లో కథానాయికగా చేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీపగా వచ్చి, వంటలక్కగా ఇంటింటి మనిషైంది. భర్త డాక్టర్ కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, ఇద్దరినీ విడదీసే మోనితగా శోభా శెట్టి. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన కార్తీక్, భార్య గర్భవతైతే అనుమానిస్తాడు. కవల పిల్లల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి ఇంట్లో పెరుగుతారు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే సంగతి కోసం తెలుగువాళ్లు ఏళ్లు ఎదురుచూశారు. డాక్టర్ బాబుకు నిజం ఎప్పుడు తెలుస్తుందన్నది జోకులకెక్కింది, మీమ్‌లకెక్కింది. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా సరిగ్గా రాత్రి ఏడున్నరకే పెట్టేసరికి, ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ అని ఒక అభిమాని ట్విటర్‌లో మొరపెట్టుకున్నాడు. ఆ ఇంటికి ఇంకో టీవీ బహుమతిగా వచ్చింది.

చివరికి డాక్టర్ బాబుకు నిజం తెలిసింది. దీప పడ్డ కష్టానికి బదులు దొరికింది. కథగా చూస్తే అదే మంగళహారతి పాడాల్సిన చోటు. కానీ రేటింగుల్లో అందరికంటే ముందున్న సీరియల్‌ను ఆపే ఛానల్ ఎక్కడుంటుంది? 2022 మార్చిలో కారు ప్రమాదంలో దీప, కార్తీక్ చనిపోయినట్టు చూపించి, పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లైన కథ ఎత్తుకున్నారు. జనం ఆ కొత్త తరాన్ని పట్టించుకోలేదు. కొన్ని నెలలకే వంటలక్క బతికొచ్చింది, డాక్టర్ బాబు గతం మరిచిపోయి వచ్చాడు. 2023 జనవరి 23న, 1,569 ఎపిసోడ్ల తర్వాత సీరియల్ ఆగింది. అప్పటికే వాళ్ల చావుకు ఒకసారి ఏడ్చి, బతికొచ్చారని ఒకసారి సంతోషించిన ప్రేక్షకులకు ఆఖరి ఎపిసోడ్‌లో ఏం చూపించినా కొత్తగా గుండెకు తగిలేది లేదు.

చనిపోయినవాళ్లను లేపడం తెలుగువాళ్లు కనిపెట్టింది కాదు. స్టార్ ప్లస్‌లో 2000 జులై 3న మొదలైన ‘క్యూంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్ పాత్రను చంపితే దేశమంతా గగ్గోలు పుట్టింది, మిహిర్ తిరిగొచ్చాడు. ఎనిమిదేళ్లు నడిచిన ఆ ఇంటి కథ చివరికి రచయితల బల్ల మీద కూడా ముగియలేదు. ఛానల్‌కూ నిర్మాణ సంస్థకూ తగవు వచ్చి, కోర్టు మెట్లెక్కి, 2008 నవంబరు 6న ఆగిపోయింది. అంతకుముందు అమెరికాలో ‘డల్లాస్’ ఇంకా పెద్ద సాహసం చేసింది. చనిపోయిన బాబీ ఈవింగ్‌ను 1986లో స్నానాల గదిలోంచి బయటికి తీసుకొచ్చి, అంతకుముందు ఏడాదంతా చూపించిన కథను అతని మాజీ భార్య కన్న కలగా తేల్చేసింది. 2004లో కొరియాను ఊపేసిన ‘లవర్స్ ఇన్ పారిస్’ ముగింపూ అలాంటిదే. చూసిందంతా ఒకమ్మాయి రాసుకుంటున్న స్క్రిప్టు అని చివర్లో చెప్పేసరికి అక్కడి ప్రేక్షకులు మండిపడ్డారు.

నటీనటుల వల్ల వచ్చే చిక్కు వేరు. మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’గా తెలుగు మాట్లాడిన ‘బాలికా వధు’ 2008 నుంచి 2016 దాకా నడిచింది. ఆనందిగా అవికా గోర్, ప్రత్యూష బెనర్జీ, తోరల్ రస్‌పుత్ర ఒకరి తర్వాత ఒకరు కనిపించారు. పిల్లగా చూసిన ముఖం ఒకటి, కష్టాలు పడ్డ ముఖం ఒకటి, సుఖపడ్డ ముఖం మరొకటి. స్టార్ మా ‘గుప్పెడంత మనసు’లో కథానాయకుడు రిషి పాత్ర నెలల తరబడి కనిపించకుండా పోయింది. రిషి, వసుధారల జంట కోసం చూసేవాళ్ల ముందు రిషి లేని కథ నడిచింది. తిరిగొచ్చిన కొన్నాళ్లకే, 2024 ఆగస్టులో, సీరియల్‌కు తెర పడింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే గురువారం లెక్క తెలియాలి. దేశంలో 50,000 పైచిలుకు ఇళ్లలో టీవీలకు మీటర్లు పెట్టి ఎవరు ఏం చూశారో బార్క్ సంస్థ కొలుస్తుంది. ప్రతి గురువారం వచ్చే ఆ అంకెలు టీవీ వాళ్లకు పరీక్ష ఫలితాల్లాంటివి. అరగంట సమయంలో ప్రకటనలు పోను కథకు మిగిలేది 20 నిమిషాల పైచిలుకు. వారానికి ఐదారు రోజులు ఆ నిమిషాలు నిండాలి. అంకె బాగుంటే ముగింపు వెనక్కి జరుగుతుంది. అంకె పడిపోతే కొత్త సీరియల్‌కు ఆ వేళ కావాలి కాబట్టి, ఉన్న కథను రెండు మూడు వారాల్లో చుట్టేయమంటారు. అందుకే ఏడాది పాటు కుట్రలు పన్నిన విలన్ ఒక్క ఎపిసోడ్‌లో కాళ్ల మీద పడి ఏడుస్తాడు. జైలు, పెళ్లి, సీమంతం, గ్రూపు ఫొటో అన్నీ ఒకే శనివారం అయిపోతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మధ్యలో ఒక వారం కథ నీరసంగా ఉంటే తర్వాతి గురువారం అంకె పడుతుంది, ఛానల్ ఉలిక్కిపడుతుంది. ఆఖరి వారం ఎంత చెత్తగా తీసినా దానికి తర్వాతి వారం లేదు. కోపం వచ్చిన ప్రేక్షకురాలు ఛానల్ మార్చి చూపించడానికి ఆ సీరియలే ఉండదు.

రీమేకుల బాధ దీనికి తోడు. మన పెద్ద సీరియళ్లలో చాలావాటికి కథ బెంగాలీ నుంచో మలయాళం నుంచో వస్తుంది. ‘ఇంటింటి గృహలక్ష్మి’కి మూలమైన బెంగాలీ ‘శ్రీమయి’ 2019లో మొదలై 2021 డిసెంబరులో ముగిసిపోయింది. 2020లో మొదలైన మన గృహలక్ష్మి తులసి కథ మాత్రం 2024 జనవరి దాకా సాగింది. దారి చూపించే అసలు కథ అయిపోయాక మరో రెండేళ్లు లాగాలంటే ఒక కిడ్నాప్, ఒక ప్రమాదం, ఒక మతిమరుపు తప్పవు.

ముగింపు బాగాలేకపోతే మధ్యలో పొందిన ఆనందం ఏమైనట్టు? అది ఎక్కడికీ పోకూడదు కదా అనిపిస్తుంది. కానీ మనిషి జ్ఞాపకం అలా పనిచేయదు. తర్వాతి రోజుల్లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, సహచరులతో కలిసి 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొంతమందిని చల్లటి నీళ్లలో చెయ్యి 60 సెకన్లు పెట్టమన్నారు. మరోసారి అదే 60 సెకన్ల తర్వాత ఇంకో 30 సెకన్లు ఉంచమని, ఆ కాస్తసేపు నీటిని ఒక డిగ్రీ వెచ్చబరిచారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే, ఎక్కువమంది ఎక్కువసేపు ఇబ్బంది పడ్డ రెండోదానికే ఓటేశారు. చివర కాస్త నయంగా ఉండటమే కారణం. మనం అనుభవాన్ని మొత్తం నిమిషాలు కూడి గుర్తుపెట్టుకోం. గట్టిగా తగిలిన ఘట్టంతో, ఆఖరి ఘట్టంతో తూకం వేస్తాం. 2019 మే 19న ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ముగిసిన రోజుల్లో, ఆఖరి సీజన్‌ను మళ్లీ తీయాలంటూ 10 లక్షలకు పైగా జనం ఆన్‌లైన్‌లో సంతకాలు చేశారు. అంతకుముందు ఏడు సీజన్లు నెత్తిన పెట్టుకున్నది ఆ జనమే.

అలాగని ప్రేక్షకులు కోరేది సుఖాంతం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పెద్ద మలుపు కావాలనుకున్నా పొరపాటే. నిజామాబాద్ జిల్లాలోనే, బోధన్ దగ్గరి అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ చిందు యక్షగానంతో పేరు తెచ్చుకుంది. రాత్రంతా సాగే ఆ ఆటలో కథ ఏమవుతుందో కూర్చున్న అందరికీ ముందే తెలుసు. అయినా తెల్లవారే దాకా కదిలేవాళ్లు కాదు. మొదట్లో వేసిన ముడి ఎవరి చేత, ఎప్పుడు, ఎలా విడుతుందో చూడాలి, మంగళం పాడాకే లేవాలి. కన్నీళ్లు తెప్పించినా పేచీ లేదు, ఎదురుచూసిన మనిషికి లెక్క అప్పజెప్పాలి. రోజువారీ సీరియల్ ఎగ్గొట్టేది ఆ లెక్కనే.

ఆర్మూర్ వాళ్లకు ఈ ఎదురుచూపు టీవీ బయట కూడా అనుభవమే. పసుపు బోర్డు కోసం ఇక్కడి రైతులు ఏళ్లపాటు కొట్లాడారు. గిట్టుబాటు ధర, బోర్డు కావాలంటూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్లేసి బరిలో నిలిస్తే, మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. జాతీయ పసుపు బోర్డును ప్రధాని 2023 అక్టోబరు 1న ప్రకటించారు. నిజామాబాద్‌లో అది మొదలైంది 2025 సంక్రాంతికి. బోర్డు వచ్చిందన్న సంబరం నిజమే, క్వింటాలుకు ఎంత పలుకుతుందన్న అడుగుడూ ఆగలేదు. ముడి ఎక్కడ పడిందో ఇక్కడి జనం మరిచిపోరు.

సరిగా ముగించడం టీవీకి చేతకాని పనేమీ కాదు. 1983 ఫిబ్రవరి 28న అమెరికాలో ‘మ్యాష్’ ఆఖరి ఎపిసోడ్‌ను 10 కోట్ల మందికి పైగా చూశారు. బ్రెజిల్‌లో టెలినోవెలాలు కొన్ని నెలల్లో ముగుస్తాయన్నది రాసేవాళ్లకూ చూసేవాళ్లకూ ముందే తెలిసిన సంగతి. 2012 మార్చిలో మొదలైన ‘అవెనీదా బ్రజీల్’ అక్టోబరు 19న 179వ ఎపిసోడ్‌తో ముగిసింది. ఆ రాత్రి ముగింపుకు అడ్డం రాకుండా దేశాధ్యక్షురాలు డిల్మా రూసెఫ్ పాల్గొనాల్సిన ఎన్నికల సభ తేదీనే మార్చుకున్నారు. గడువు ముందే తెలిస్తే రచయిత ముడులను లెక్కపెట్టి వేస్తాడు.

మన దగ్గర గుణ్ణం గంగరాజు ‘అమృతం’ ఇంకో దారి చూపించింది. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై, సరిగ్గా ఆరేళ్లకు 2007 నవంబరు 18న 313 ఎపిసోడ్లతో ముగిసింది. వారానికొక కథ, ఎక్కువగా ఆ వారమే పూర్తయ్యేది. అమృతరావు పాత్రలో శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ మారినా జనం పెద్దగా నొచ్చుకోలేదు, ఎందుకంటే ఏ అప్పూ వచ్చే వారానికి మిగిలేది కాదు. ఈ మధ్య వెబ్ సిరీస్‌లు అదే పని మరోలా చేస్తున్నాయి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90’స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆరంటే ఆరు ఎపిసోడ్లు. ఆర్మూర్ ఇంట్లో ఉన్నవాళ్లూ, పనికి దుబాయ్ వెళ్లిన ఆ ఇంటి మనిషీ రెండు సెలవు రోజుల్లో చూసేసి ఫోన్లో దాని గురించి మాట్లాడుకోగలరు.

రోజువారీ సీరియల్ మాత్రం మారాల్సిన అవసరం పడలేదు. ‘కార్తీక దీపం’ ఆగిన ఏడాదికి, 2024 మార్చి 25న, ‘ఇది నవ వసంతం’ అన్న ఉపశీర్షికతో రెండో భాగం వచ్చింది. అదే ప్రేమి విశ్వనాథ్, అదే నిరుపమ్, దీప, కార్తీక్ అన్న అవే పేర్లు. కథ మాత్రం పూర్తిగా వేరు. పాతది ఎలా ముగిసిందో గుర్తున్నవాళ్లే మళ్లీ టీవీ ముందు కూర్చున్నారు, కొత్త సీరియల్ కూడా రేటింగుల్లో పై వరసకే చేరింది.