క్రెడిట్ కార్డ్ పాయింట్లు: పది ట్రిప్పులు కొడితే తిరుపతి టికెట్ ఫ్రీ.. కానీ ఈ తప్పు చేస్తే అసలుకే ఎసరు!

సికింద్రాబాద్ నుంచి తిరుపతికి తరచూ రైల్లో వెళ్తుంటారా? అయితే టికెట్‌కు పెట్టిన డబ్బులో కొంత వెనక్కి రాబట్టుకోవచ్చు. ఐఆర్‌సీటీసీ-ఎస్‌బీఐ కార్డులతో ఐఆర్‌సీటీసీలో ఏసీ టికెట్లు బుక్ చేస్తే గరిష్ఠంగా 10 శాతం వరకు రివార్డ్ పాయింట్లు వస్తాయి. ఒక్కో పాయింట్ విలువ రూపాయి. 2023 ఏప్రిల్ 8న మొదలైన వందే భారత్ చైర్‌కార్‌కూ ఇది వర్తిస్తుంది. ఉదాహరణకు రూ.1,500 టికెట్‌కు 150 పాయింట్లు వచ్చాయనుకుందాం. పదిసార్లు వెళ్తే 1,500 పాయింట్లు. అంటే పదకొండో టికెట్ దాదాపు ఫ్రీ అన్నమాట!

అసలు మెలిక బిల్లు దగ్గరే ఉంది. చాలా కార్డులపై వడ్డీ నెలకు 3.5 శాతం దాకా పడుతుంది. రూ.20,000 బాకీ నెల రోజులు ఉంచేస్తే వడ్డీ రూ.700, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.126. మొత్తం రూ.826! ఐదు ట్రిప్పుల్లో కూడబెట్టిన 750 పాయింట్లూ ఇందులోనే గోవిందా. మినిమమ్ డ్యూ కట్టేశాం కదా అనుకోవద్దు.. మిగతా బాకీపై వడ్డీ పడుతూనే ఉంటుంది.

అందుకే గడువులోగా బిల్లు మొత్తం కట్టేవారికే ఈ పాయింట్లు లాభం. కార్డు తీసుకునే ముందు వార్షిక ఫీజు ఎంతో, పాయింట్ల గడువు ఎప్పటిదాకో తప్పకుండా చూసుకోండి.