చర్మం మీద లావెండర్, అంబర్

మణికట్టు మీద సెంటు కొట్టుకోగానే ముక్కుకు తగిలే వాసన ఒకటి, సాయంత్రానికి మిగిలే వాసన ఇంకొకటి. లావెండర్, అంబర్ కలిసిన పెర్‌ఫ్యూమ్‌లో ఈ తేడా మరీ స్పష్టంగా తెలుస్తుంది. సీసాలో రెండూ కలిసే ఉంటాయి. చర్మం మీద మాత్రం లావెండర్ తప్పుకుంటున్నకొద్దీ అంబర్ బయటపడుతుంది.

సుగంధాల తయారీలో అంబర్ అంటే కొన్ని పదార్థాలు కలిపి చేసే ఒక వెచ్చని, తియ్యని వాసన. అందులో ముఖ్యమైనది లాబ్డనమ్. మధ్యధరా తీరంలో పెరిగే సిస్టస్ పొదల ఆకులకు పట్టే జిగురు అది. క్రీట్ దీవిలో పూర్వం ఆ పొదల్లో మేసిన మేకల గడ్డాల నుంచి కూడా ఈ జిగురును దువ్వి తీసేవారు. దీనికి వెనిలా, బెంజాయిన్ తోడవుతాయి. బెంజాయిన్ మరేదో కాదు, మన సాంబ్రాణే. సుమత్రా, లావోస్ ప్రాంతాల్లో స్టైరాక్స్ చెట్ల నుంచి కారే బంక. పసిపిల్లలకు తలంటి సాంబ్రాణి పొగ వేసే ఇంట్లో పెరిగినవాళ్లకు అంబర్ వాసన పరాయిదేమీ కాదు.

చల్లుకున్న తొలి క్షణాల్లో ముక్కుకు ఘాటుగా తగిలేది ఆల్కహాల్. అది ఎగిరిపోగానే లావెండర్ వస్తుంది. లావెండర్ నూనెలో ప్రధానమైనవి లినలూల్, లినలిల్ ఎసిటేట్. రెండూ తేలికైన అణువులే. తీగ మీద ఆరేసిన చీరలోని నీళ్లు మరగకుండానే ఆవిరైపోయినట్టు, చర్మం పైనుండే 32, 33 డిగ్రీల వేడికే ఇవి గాల్లోకి లేస్తాయి. వెనిలా వాసనకు మూలమైన వెనిలిన్ అంత సులువుగా కదలదు. ఆవిరయ్యే గుణం దానికి లినలూల్‌తో పోలిస్తే సుమారు వెయ్యో వంతే. అందుకే మొదట్లో చల్లని, ఆకుపచ్చని, కాస్త కర్పూరం కలిసిన లావెండర్ వాసనదే పైచేయి. నూనెను మేలైన లావెండర్ నుంచి కాకుండా లావెండిన్ అనే సంకర జాతి మొక్క నుంచి తీసి ఉంటే ఆ కర్పూరపు ఘాటు ఇంకా ఎక్కువ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ తర్వాతి ఘట్టం. లావెండర్ పూర్తిగా పోలేదు, అంబర్ పూర్తిగా రాలేదు. ఈ రెంటినీ అతికేది చాలాసార్లు కూమరిన్. దానిది కొత్తగా కోసి ఎండబెట్టిన గడ్డి వాసన. లావెండర్‌లోని ఆకు వాసనకూ వెనిలా తీపికీ అది చుట్టమే. కూమరిన్‌ను 1868లో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారు చేశాడు. 1874లో టీమన్, హార్మన్ వెనిలిన్‌ను తయారు చేశారు. ఈ రెండింటినీ లావెండర్ కింద చేర్చి ఎమె గెర్లేన్ 1889లో పారిస్‌లో జికీ అనే పెర్‌ఫ్యూమ్ చేశాడు. పువ్వు వాసనను ఉన్నదున్నట్టు పట్టుకోవడమే గొప్పనుకునే కాలంలో, గంటగంటకూ మారే వాసనను సీసాలో పెట్టడం సాహసమే. అది ఈనాటికీ అమ్ముడవుతోంది.

గంటలు గడిచాక మిగిలేది అంబరే. బరువైన అణువులు చర్మపు జిడ్డులో కరిగి నెమ్మదిగా విడుదలవుతాయి. పొడి చర్మం మీద వాసన త్వరగా తగ్గడానికి కారణం అదే. కొద్దిగా కొబ్బరినూనె రాసి ఆ పైన చల్లుకుంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మణికట్లు రుద్దుకుంటే అణువులు విరిగిపోతాయన్నది అపోహ. రుద్దితే పుట్టే వేడికి లావెండర్ ఇంకాస్త తొందరగా ఎగిరిపోతుంది, అంతే.

చార్మినార్ దగ్గర అమ్మే అత్తర్లలో ఆల్కహాల్ ఉండదు, నూనె ఉంటుంది. కాబట్టి తొలి ఘాటు లేకుండా వాసన మెల్లగా విచ్చుకుంటుంది.

కాసేపటికి మన సెంటు మనకే తెలియకపోతే అది పోయిందనుకోకండి. ఒకే వాసనకు ముక్కు అలవాటు పడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పక్కవాళ్లకు అది తెలుస్తూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ చల్లుకుని వాళ్లను ఇబ్బంది పెట్టవద్దు.

కొనేటప్పుడు కాగితం ముక్క మీద వాసన చూసి డబ్బు కట్టేయకండి. కాగితానికి ఒంటి వేడీ లేదు, జిడ్డూ లేదు. చేతి మీద చల్లించుకుని బజారులో మిగతా పనులు చూసుకోండి. రెండు మూడు గంటల తర్వాత కూడా నచ్చితేనే తీసుకోండి. రోజులో ఎక్కువసేపు మీ ఒంటి మీద ఉండేది ఆ వాసనే.