చేతిపట్టీకి అందని రక్తపుపోటు

‘ఆయాసం’ అన్న మాటకి సంస్కృతంలో శ్రమ, ప్రయాస అని అర్థం. మనం దాన్ని తెచ్చుకుని, శ్రమపడితే వచ్చే రొప్పుకి పేరుగా పెట్టుకున్నాం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక మాటల కూపీ లాగడం నాకొక జబ్బు. కాని ఈ మాటలో నిజంగానే ఒక జబ్బు జాడ ఉన్నది. కూర్చున్నంతసేపూ హాయిగా ఉండి, రెండో అంతస్తు ఎక్కేసరికి ఊపిరందని మనిషిని చూసి మనం ‘నీరసం’ అనేస్తాం. నీరసానికి టానిక్కు, టానిక్కు పనిచెయ్యకపోతే ఉబ్బసం మందు. లోపల ఉన్నది ఆ రెండూ కాకపోవచ్చు.

మా కాలేజీ లెక్కల మాస్టారి భార్యకి సరిగ్గా ఇలాగే జరిగింది. వయస్సు 38. బిందె ఎత్తుకుని నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోయేది. రక్తం తక్కువన్నారు, ఇనుము మాత్రలిచ్చారు. తరవాత ఉబ్బసమన్నారు, పీల్చే మందిచ్చారు. “లావెక్కావు, అందుకే” అని అత్తగారన్నది. ప్రతి డాక్టరూ చేతికి పట్టీ చుట్టి బి.పి. చూశాడు. ప్రతిసారీ 120, 80. ఎక్స్‌రేలో కూడా ఎవరికీ ఏమీ కనిపించలేదు. రెండేళ్ళు గడిచాయి.

ఇంతకూ మన ఒంట్లో రక్తపుపోటు ఒకటి కాదు, రెండు. గుండె ఎడమ భాగం రక్తాన్ని అరికాలి దాకా తోస్తుంది. దానికి 120 మిల్లీమీటర్ల పోటు కావాలి. కుడి భాగం అంతే రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపుతుంది. దారి దగ్గర, నాళాలు మెత్తన, 25 సరిపోతుంది. పట్టీ చెప్పేది ఎడమవైపు సంగతి. ఊపిరితిత్తుల నాళాలు ఇరుకైపోయి కుడివైపు పోటు రెట్టింపైనా పట్టీకి తెలియదు. కుడి గదికి గోడ పలచన. అది కొన్నాళ్ళు బిగపట్టి పనిచేస్తుంది, తరవాత సాగిపోతుంది. పాదాలు వాచి, మెడనరాలు ఉబ్బి, మెట్లమీద కళ్ళు తిరిగి పడేనాటికి జబ్బు ముదిరినట్టే. మొదట్లో ఉండేదల్లా ఆయాసం ఒక్కటే.

ఈ రెండో పోటు కొలవాలంటే గుండెలోకి గొట్టం దూర్చాలి. ఆ దారి తెరిచినవాడు వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ యువకుడు. 1929లో, బెర్లిన్ దగ్గర ఎబర్స్‌వాల్డే ఆస్పత్రిలో, తన చేతినరంలోంచి సన్నని గొట్టం గుండెదాకా దూర్చుకుని, నడిచి ఎక్స్‌రే గదికి వెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. పెద్దలు మెచ్చుకోలేదు సరిగదా, మందలించారు. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్ అనే మరి ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ బహుమానం ఇచ్చారు. ఈనాటికీ ఈ జబ్బులో చివరి తీర్పు ఆ గొట్టానిదే. కాని ఆయాసపడే ప్రతివాడి గుండెలోకీ గొట్టం పంపలేం గదా! ఎవరికి పంపాలో ముందు బయటినుంచే పసిగట్టాలి.

అక్కడే అతిధ్వని తరంగాలు అక్కరకొచ్చాయి. మనిషి చెవికి అందని ధ్వనితో గుండెను చూడవచ్చని 1953లో స్వీడన్‌లోని లుండ్ ఊళ్ళో ఎడ్లర్ అనే వైద్యుడూ, హెర్ట్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడూ నిరూపించారు. దానికి డాప్లర్ సూత్రం తోడయింది. రైలు మనవైపు వస్తూంటే కూత సన్నగానూ, దాటిపోతూంటే బొంగురుగానూ వినిపిస్తుందే, అదే. దానితో రక్తం ఎంత వేగంగా పోతున్నదో తెలుస్తుంది. కుడివైపు రెండు గదుల మధ్య కవాటం చాలామందిలో కాస్త కారుతూనే ఉంటుంది. ఇంట్లో కుళాయికి వేలు అడ్డంపెట్టి చూడండి: పోటు ఎంత ఎక్కువైతే చిమ్ము అంత జోరు. ఆ చిమ్ము వేగాన్ని వర్గం చేసి నాలుగుతో హెచ్చవేస్తే పోటు తేడా మిల్లీమీటర్లలో వస్తుంది. ఇంత పెద్ద రహస్యం హైస్కూలు లెక్కతో తేలిపోవడం నాకు ముచ్చటగా ఉంటుంది. సెకనుకి 2.8 మీటర్లు దాటితే డాక్టర్లు చెవులు నిక్కిస్తారు.

మాస్టారి భార్యకి ఈ పరీక్ష రాసినవాడు కుర్ర డాక్టరు. రొమ్ముటెముకకి ఎడమపక్క స్టెతస్కోపు పెట్టి, గుండె రెండో చప్పుడు గట్టిగా ఉన్నదని గమనించాడు. “అమ్మా, కాన్పు తరవాత ఎప్పుడైనా ఒక కాలు వాచిందా?” అని అడిగాడు. వాచింది. ఎడమకాలు. బాలింత వాపన్నారు, వావిలాకు కాపడం పెట్టారు, తగ్గింది.

చిమ్ము వేగం 3.5 వచ్చింది. వర్గం 12.25, నాలుగింతలు 49. కుడి కర్ణికలో ఉండే పోటు ఒక 8 కలిపితే 57. కావలసినదానికి రెట్టింపు దాటింది. తరవాత మరో పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడికి పోతున్నదో, రక్తం ఎక్కడికి పోతున్నదో, రేడియో ధార్మిక పదార్థంతో రెండు బొమ్మలు తీస్తారు. గాలి అంతటా ఉన్నది. రక్తం కొన్నిచోట్ల లేదు. ఆనాటి కాలివాపు గడ్డకట్టిన నెత్తురు. అది తెగి, పైకి వచ్చి, నాళాలకి అడ్డంపడి గట్టిపడింది. ఈ రకం జబ్బులో ఒక మేలున్నది: చాలామందిలో ఆపరేషను చేసి ఆ అడ్డు తీసేయవచ్చు. గొట్టం పరీక్ష అయ్యాక ఆవిడకి అదే చేశారు.

ఈ అతిధ్వని పరీక్షని గుడ్డిగా నమ్మకూడదు. కవాటం కారకపోతే కొలవడానికి చిమ్మే ఉండదు. అప్పుడు కుడి గది ఆకారం, గోడ కదలిక చూసి ఊహించాలి. జబ్బు మొదట్లో పడుకున్న మనిషికి అంకె మామూలుగానే రావచ్చు, మెట్లెక్కితేనే పెరగవచ్చు. హద్దులు కూడా మారాయి. 1973లో జెనీవాలో నిపుణులు సగటు పోటు 25ని గీతగా పెట్టుకున్నారు. 2018లో దాన్ని 20కి దించారు.

స్క్లిరోడెర్మా అని చర్మం బిగుసుకుపోయే వ్యాధి ఒకటున్నది. చలికి వేళ్ళు తెల్లబడి నీలంగా మారతాయి. వాళ్ళలో ఈ పోటు రావడం ఎక్కువ గనక, ఆయాసం వచ్చేదాకా ఆగరు. ఏటా ఒకసారి గుండె బొమ్మ తీస్తారు, ఊపిరితిత్తుల్లోంచి వాయువు రక్తంలోకి ఎంత చురుగ్గా దిగుతున్నదో ఊదించి చూస్తారు, గుండె ఒత్తిడికి లోనైతే రక్తంలో పెరిగే పదార్థాన్ని కొలుస్తారు. రక్తం తీసే సూదిపోటు తప్ప ఇందులో నొప్పి లేదు.