న్యూట్రల్‌లో పెట్టినా కారు చక్రం తిరుగుతోందా? కంగారు పడకండి

దమ్మాయిగూడలో ఉండే మా మామూ ఈమధ్య సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నారు. ముందు వైపు ఏదో చప్పుడు వస్తోందని గ్యారేజీకి తీసుకెళ్తే, ముందు భాగం పైకి లేపి, ఇంజిన్ ఆన్ చేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టారు. చక్రం మెల్లగా తిరగడం మొదలెట్టింది. "గేర్ బాక్స్ పోయింది, విప్పాల్సిందే" అన్నాడు అక్కడి కుర్రాడు. ఇక ఇంట్లో గొడవ. కారు అమ్మినాయన మాకు దూరపు చుట్టం మరి.

నేను చదివింది బీకాం. ఇంజిన్ సంగతి తెలియదు గానీ, ఖర్చు పెట్టే ముందు లెక్క అడగడం అలవాటు. అందుకే ఇంకో ఉస్తాద్‌ను అడిగాం, ఆ తర్వాత నేనూ కూర్చుని చదివాను. తేలిందేంటంటే, అది లోపం కాదు.

ఇంట్లో యాక్టివా ఉందా? సెంటర్ స్టాండ్ మీద స్టార్ట్ చేస్తే రేస్ ఇవ్వకపోయినా వెనక చక్రం తిరుగుతూ కనిపిస్తుంది. నేల మీద మాత్రం బండి కదలదు. కారులోనూ దాదాపు ఇదే కథ. ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో శక్తిని దాటించేది ఆయిలే. న్యూట్రల్‌లో పెడితే లోపలి క్లచ్ ప్లేట్లు పట్టు వదిలేస్తాయి, కానీ వాటి మధ్య సందు చాలా తక్కువ, పైగా అవి ఆయిల్‌లో తడిసి ఉంటాయి. తిరిగే ప్లేటు ఆయిల్‌ని లాగుతుంది, ఆయిల్ పక్క ప్లేటుని లాగుతుంది. గాల్లో ఉన్న చక్రానికి ఆ కాస్త చాలు. పొద్దున్నే ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువే తిరుగుతుంది.

మరి నిజంగా లోపం ఉంటే? చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ మీది కాలు మెల్లగా తీయండి. కారు తనంతట తాను ముందుకు పాకితే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు గేర్ కేబుల్ సెట్టింగ్, ఆయిల్ చూడమనండి. గేర్ బాక్స్ విప్పడం ఆఖరి మాట.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. చాలామంది 'పార్క్'లో పెట్టాం కదా అని ఒక ముందు చక్రాన్ని జాకీ మీద లేపేస్తారు. పార్క్ చక్రాలను పట్టుకోదు, గేర్ బాక్స్ లోపలి షాఫ్ట్‌ని మాత్రమే పట్టుకుంటుంది. ఒక చక్రం గాల్లో ఉంటే, డిఫరెన్షియల్ వల్ల అది ఒక వైపు, నేల మీది చక్రం ఇంకో వైపు తిరగగలవు. అంటే కారు జాకీ మీద నుంచి జారిపోవచ్చు. హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాకే జాకీ ఎక్కించండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందకి దూరొద్దు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే పిల్లల్ని, దుపట్టాల్ని చక్రం దగ్గరికి రానివ్వొద్దు.

సెలెరియో లాంటి ఏఎంటీ బండ్లలో 'పార్క్' ఉండనే ఉండదు, అవి మాన్యువల్ గేర్ బాక్సులే, క్లచ్ మాత్రం యంత్రం నొక్కుతుంది. కాబట్టి వాటికి హ్యాండ్ బ్రేక్, రాళ్లు మరీ ముఖ్యం.

ఇంతకీ మామూ కారు చప్పుడు సస్పెన్షన్‌లో అరిగిన రబ్బరుది. అది మార్చేశారు. చుట్టానికి ఫోన్ చేసి మాఫీ అడగడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.