గాలానికి తీగ వంచే పనిముట్టు: ఏది కొనాలి, ఏది చాలు

వానపాము, రొయ్య లాంటివి గుచ్చకుండా చేపని బోల్తా కొట్టించే బొమ్మ ఎరని లూర్ అంటారు. ఇందులో తీగతో చేసేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్పిన్నర్. తిన్నటి తీగ మీద పూసలు, గిరగిరా తిరిగే రేకు ఎక్కించి, చివర గాలం తగిలిస్తారు. రెండోది స్పిన్నర్‌బెయిట్. దీని తీగ తెరిచిన కత్తెరలా ఉంటుంది. కింది కొమ్మకి సీసం తల, గాలం. పై కొమ్మకి రేకు.

మా ఖమ్మం వైపు చెరువుల్లో అందరి కన్నూ కొర్రమీను మీదే. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. అది ఉండేది నాచులో, తామరాకుల మధ్య. అక్కడ స్పిన్నర్‌బెయిట్ నయం, ఎందుకంటే పై కొమ్మ అడ్డుగా ఉండి గాలం మొనని నాచులో ఇరుక్కోనివ్వదు. కానీ కొన్న లూర్ ఒకటి తెగిపోతే ఆ వారం పాకెట్ మనీ పోయినట్టే. అందుకే మా మావయ్య, నేను ఇంట్లోనే చేసుకుంటాం. చాలామంది ఫ్రెండ్స్ అడిగే మొదటి ప్రశ్న: "తీగ వంచడానికి ఏం కొనాలి?" నా జవాబు ఏంటంటే, ముందు ఏ వంపు కావాలో తేల్చుకోండి, పనిముట్టు దానంతట అదే తేలుతుంది.

ముందు తీగ సంగతి

వాడాల్సింది గట్టి స్ప్రింగ్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ. చిన్న స్పిన్నర్లకి 0.6 నుంచి 0.8 మి.మీ., స్పిన్నర్‌బెయిట్‌కి 0.9 నుంచి 1 మి.మీ. మందం సరిపోతుంది. సన్న తీగ అయితే నీళ్లలో బాగా అదురుతుంది కానీ తొందరగా వంకర పోతుంది. మందం తీగ ఎక్కువ రోజులు ఉంటుంది కానీ అదురు తగ్గుతుంది. ఇంట్లో ఉందని బైండింగ్ వైర్ వాడొద్దు. చేతికి మెత్తగా వంగేది చేపకీ మెత్తగానే వంగుతుంది. సైకిల్ చువ్వ 2 మి.మీ. దాకా ఉంటుంది, ఈ పనికి మరీ మొద్దు.

గట్టి తీగకి ఒక మొండితనం ఉంది. వంచి వదిలితే కొంచెం వెనక్కి వస్తుంది. 90 డిగ్రీలు వంచితే 80 దగ్గర ఆగిందనుకోండి, తర్వాతి ముక్కని 100 దాకా వంచాలి. ఈ తేడా తీగని బట్టి మారుతుంది కాబట్టి, కొత్త చుట్ట తెచ్చిన ప్రతిసారీ ఒక వేస్ట్ ముక్క మీద చూసుకోవాలి. వంచింది నచ్చలేదని అదే చోట ముందుకీ వెనక్కీ ఆడించొద్దు. లోపల పగులు మొదలవుతుంది.

పనిముట్టు చేయాల్సిన మూడు పనులు

దారం కట్టడానికి, గాలం తగిలించడానికి తీగలో చేసే గుండ్రటి వంపుని కన్ను అందాం. మంచి పనిముట్టు ఆ కన్నుని ప్రతిసారీ ఒకే సైజులో చేయాలి. తీగ మీద గాటు పెట్టకూడదు. స్పిన్నర్ విషయంలో కన్ను తీగకి సరిగ్గా నడుమ కూర్చోవాలి. 9 అంకెలా పక్కకి పోతే లూర్ ఒరిగి నడుస్తుంది. లాలీపాప్‌లా పుల్ల మధ్యలో ఉండాలన్నమాట.

1. గుండ్రటి ముక్కు ప్లయర్

మామూలు నోస్ ప్లయర్‌కి లోపల పళ్లుంటాయి. అవి తీగ మీద గాటు పెడతాయి, బరువు పడినప్పుడు తీగ అక్కడే విరుగుతుంది. చెవి జుంకాలు చేసేవాళ్లు వాడే ప్లయర్‌కి పళ్లుండవు, రెండు కొనలూ గుండ్రంగా సన్నబడుతూ ఉంటాయి. అయితే ఎక్కడ పట్టుకుంటే అక్కడి సైజు కన్ను వస్తుంది. మార్కర్‌తో ఒక గీత పెట్టుకుని ఎప్పుడూ అక్కడే వంచితే సైజు మారదు. కన్ను నడుమకి రావాలంటే ముందు తీగని ఒక పక్కకి 45 డిగ్రీలు వంచి, తర్వాత ఎదుటి పక్కకి చుట్టాలి.

2. మేకుల పలక

చెక్క మీదో, ఇనప పలక మీదో రెండు గుండ్రటి మేకులు. ఒకటి తీగ చుట్టడానికి, ఇంకోటి తీగ జరగకుండా ఆపడానికి. మేకు బదులు డ్రిల్ బిట్ కాడ వాడితే సైజు పక్కాగా తెలుస్తుంది. మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ చేసినవాళ్లకి ఇది ఒక గంట పని. మేకు మందం తీగ మందానికి కనీసం రెండింతలు ఉండాలి. అంతకంటే ఇరుకుగా వంచితే తీగకి కష్టం.

3. బల్లకి బిగించే బెండర్

దీనికి పిన్నులు, తిప్పే పిడి ఉంటాయి. కన్ను చేశాక అదే తీగకి తోకని బిగుతుగా చుట్టేస్తుంది. స్పిన్నర్‌లో రెండో కన్ను అన్నీ ఎక్కించాకే చేయాలి, కాబట్టి చోటు తక్కువ. బెండర్ అసలు విలువ అక్కడే తెలుస్తుంది. డజన్ల కొద్దీ చేసేవాళ్లకి తప్ప దీని ఖరీదు గిట్టదు.

ఇప్పుడు ఎంపిక

స్పిన్నర్‌బెయిట్ మలుపులో దారం నేరుగా కట్టేవాళ్లకి కన్ను మూయక్కర్లేదు, తెరిచిన వంపు చాలు. దానికి గుండ్రటి ముక్కు ప్లయర్ సరిపోతుంది. కానీ కొర్రమీను పళ్లకి భయపడి తీగ లీడర్, స్నాప్ వాడితే, తెరిచిన వంపులో స్నాప్ కొమ్మ మీదకి జారిపోతుంది. అప్పుడు పూర్తిగా చుట్టు తిరిగిన మూసిన కన్ను కావాలి. సన్నబడే ప్లయర్ మీద ఆ చుట్లు సమానంగా రావు, మేకుల పలక మీద వస్తాయి. మేం ఆగింది ఇక్కడే.

ఎంత తీగ కత్తిరించాలో కూడా లెక్క ఉంది. 3 మి.మీ. మేకు, 1 మి.మీ. తీగ అనుకుంటే తీగ నడిమి గీత వ్యాసం 4 మి.మీ. పైతో గుణిస్తే ఒక చుట్టుకి 12.6 మి.మీ. స్పిన్నర్‌లా తోకని అదే తీగకి చుడితే ఒక్కో చుట్టుకి సుమారు 6.3 మి.మీ. పడుతుంది. పట్టుకోవడానికి ఇంకో 15 మి.మీ. వదలండి. కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ముక్క ఎగిరి ఎటు పోతుందో తెలీదు.

చివరగా టెస్టింగ్. తయారైన కన్నుకి పది లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీయండి, అంటే పది కిలోల బరువు. ఒక నిమిషం తర్వాత కన్ను సాగకుండా ఉంటేనే చెరువుకి తీసుకెళ్లండి. ఇది లూర్ పోతుందనే లెక్క ఒక్కటే కాదు. కన్ను తెరుచుకుంటే కొర్రమీను నోట్లో గాలంతోనే నాచులోకి వెళ్లిపోతుంది. పట్టుకోవడానికి వెళ్లి చేపని అలా వదిలేయడం అన్యాయం. ఏ పనిముట్టుతో చేసినా సరే, ఈ బకెట్ పరీక్ష పాసైన కన్నే మంచి కన్ను.